నగరం నడిబొడ్డున ఖాళీగా ఉన్న ఆధునిక భవనాలు: కూల్చడమా, నిలుపుకోవడమా?

పిట్టగోడ (చర్చ ప్రారంభించినవారు)

మిత్రులకు నమస్కారం. నగర కేంద్రాల్లో 1950ల నుంచి 1970ల చివరి వరకు కట్టిన కార్యాలయాలు, దుకాణ సముదాయాలు, ప్రభుత్వ భవనాలు ఖాళీ అయి, తాళాలు పడి, ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతున్న సంగతి మీద నేనొక అభిప్రాయ పత్రం రాయవలసి ఉంది. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ చర్చ ఒకే చోటికి చేరుతోంది. ఒకరు "ఈ కాంక్రీటు దిబ్బల్లో అందమేముంది" అంటారు, ఇంకొకరు "మీకు చూడటం రాదు" అంటారు. అందం దగ్గర ఆగిపోతే ఎవరూ ఎవరినీ ఒప్పించలేరు. కాబట్టి అందాన్ని కాసేపు పక్కన పెట్టి, ఒక ఖాళీ భవనాన్ని నిలపాలా కూల్చాలా అని తేల్చేటప్పుడు ఏయే ప్రశ్నలు వేయాలో, ఏ అనుభవాలు పనికివస్తాయో చెప్పమని కోరుతున్నాను. నాకు మాత్రం ఇంకా ఏ పక్షమూ లేదు.

నాలుగురోడ్లకూడలి

పిట్టగోడ గారూ, నాకు పక్షం ఉంది, కూల్చాలనే నా అభిప్రాయం. అందం గురించి కాదు, కాలినడకన వెళ్ళేవాడి గురించి మాట్లాడుతున్నాను. పాత బజారు వీధిలో పది అడుగులకొక గుమ్మం ఉంటుంది, గుమ్మానికొక మనిషి ఉంటాడు. మీరు చెబుతున్న కాలంలో కట్టిన భవనానికి వీధి వైపు ఉండేది నూరు అడుగుల మొండిగోడ, ఒక వాహనాల ద్వారం, గాలి సుడి తిరిగే ఒక ఖాళీ ప్రాంగణం. కొన్ని నగరాల్లోనైతే నడిచేవాళ్ళను పై అంతస్తు వంతెనల మీదకు ఎక్కించి, కింద వీధిని లారీలకు వదిలేశారు. భవనం నిండుగా ఉన్న రోజుల్లోనే అది వీధికి వీపు చూపించింది. ఇప్పుడు ఖాళీ అయ్యాక సాయంత్రం ఆరు దాటితే ఆ పక్కనుంచి నడవడానికి మనసొప్పదు.

ఇంకొక మాట కూడా అనాలి. ఈ భవనాలు తమ ముందున్నవాటి మీద ఏ దయా చూపలేదు. న్యూయార్క్‌లో 1910లో తెరిచిన పెన్సిల్వేనియా స్టేషన్‌ను 1963లో పడగొట్టడం మొదలుపెట్టి, ఆ జాగాలో కార్యాలయాలు, క్రీడామందిరం కట్టుకున్నారు. అప్పుడు ఆ యుగం నమ్మిన సూత్రం "పాతది పోనీ, కొత్తది రానీ" అన్నదే. అదే సూత్రాన్ని ఇప్పుడు దానికే వర్తింపజేస్తే తప్పేమిటి? టోక్యోలో కిషో కురొకావా 1972లో కట్టిన నకగిన్ క్యాప్సూల్ టవర్‌లోని 140 గదులను దాదాపు 25 ఏళ్ళకొకసారి ఊడదీసి కొత్తవి తగిలించాలని ఆయనే అనుకున్నారు. ఒక్కసారి కూడా మార్చలేదు, 2022లో విప్పేశారు. తాము శాశ్వతం కాదని తామే చెప్పుకున్న కట్టడాలకు మనం శాశ్వతత్వం అంటగట్టడం నాకు విడ్డూరంగా ఉంది.

మొజాయిక్‌మెట్లు

నాలుగురోడ్లకూడలి గారు పెన్సిల్వేనియా స్టేషన్ కథను సగంలో ఆపారు. ఆ కూల్చివేత చూసి కడుపు మండిన జనం ఊరుకోకపోవడం వల్లనే 1965లో న్యూయార్క్ నగరం చారిత్రక కట్టడాల రక్షణ చట్టం చేసుకుంది. "వాళ్ళు కూల్చారు కాబట్టి మనమూ కూల్చుదాం" అని కాదు, "ఇంకోసారి ఇలా జరగకూడదు" అని ఆ నగరం అర్థం చేసుకుంది.

చిత్తుపద్దు

నేను పద్దులు చూసే మనిషిని. నిలుపుకోవడం వల్ల లాభమా, కూల్చడం వల్ల లాభమా అనే ప్రశ్నకు ముందు నేను ఇంకొక ప్రశ్న వేస్తాను: కూల్చాక ఆ జాగాలో ఏం వస్తుంది, దానికి డబ్బు ఇప్పటికే చేతిలో ఉందా?

ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ నగరంలో ట్రైకార్న్ సెంటర్ అనే దుకాణ సముదాయం ఉండేది. 1966లో తెరిచారు. ముడి కాంక్రీటుతో కట్టిన ఆ భవనాన్ని ఇష్టపడినవాళ్ళు బాగా ఇష్టపడ్డారు, ద్వేషించినవాళ్ళు బాగా ద్వేషించారు. చివరకు 2004లో కూల్చేశారు. కూల్చేటప్పుడు చెప్పిన గొప్ప దుకాణ కేంద్రం రాలేదు. వచ్చింది నేల మీద గీతలు గీసిన కార్ల పార్కింగు. నాలుగురోడ్లకూడలి గారు మొండిగోడ పక్కన నడవలేకపోతున్నానంటున్నారు, నడివూళ్ళో ఎకరాలకొద్దీ పార్కింగు పక్కన నడిచి చూస్తే ఆ మొండిగోడే నయమనిపిస్తుంది. కనీసం నీడైనా ఇస్తుంది.

యజమాని వైపు నుంచి చూస్తే దీని కారణం తేలికగానే అర్థమవుతుంది. ఖాళీ భవనానికి పన్ను కట్టాలి, కాపలా పెట్టాలి, బీమా చేయించాలి. ఖాళీ జాగాకు ఆ బరువులో చాలా భాగం తగ్గుతుంది, పైగా పార్కింగు వల్ల రోజూ చిల్లర రాలుతుంది. అంటే కొత్తది కట్టే ఆలోచన ఏమీ లేకపోయినా కూల్చడం వరకు లాభమే. అందుకే కొత్త నిర్మాణానికి అనుమతి, పెట్టుబడి రెండూ చేతికందే దాకా కూల్చివేతకు అనుమతి ఇవ్వకూడదన్న ఒక్క నిబంధన ఉంటే ఇలాంటి కూల్చివేతల్లో చాలావరకు అసలు మొదలే కావని నా నమ్మకం.

పన్నుల తీరు కూడా తక్కెడను ఒక వైపుకు లాగుతుంది. బ్రిటన్‌లో కొత్త ఇల్లు కడితే విలువ ఆధారిత పన్ను సున్నా, ఉన్న ఇంటిని బాగుచేసుకుంటే చాలా సందర్భాల్లో 20 శాతం. ఇక బాగుచేయడం గిట్టుబాటు కాదని తేలడంలో ఆశ్చర్యమేముంది?

దూలం

నేను ఇలాంటి భవనాలను పరీక్షించే స్ట్రక్చరల్ ఇంజినీరును. "ఖాళీగా ఉంది" అన్న మాటను ఇక్కడ అందరూ చాలా తేలిగ్గా వాడుతున్నారు కాబట్టి, ఖాళీగా ఉండటం అంటే కాంక్రీటుకు ఏమవుతుందో కొంచెం వివరంగా చెబుతాను.

కాంక్రీటు లోపల ఇనుప ఊచలు తుప్పు పట్టకుండా ఉండటానికి కారణం కాంక్రీటులోని క్షారగుణం. కొత్త కాంక్రీటు పీహెచ్ (క్షారగుణాన్ని కొలిచే అంకె) 12.5 పైనే ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి మెల్లగా లోపలికి ఇంకుతూ ఆ గుణాన్ని చంపేస్తుంది, దీన్నే కార్బనేషన్ అంటాం. పీహెచ్ తొమ్మిది చుట్టుపక్కలకు పడిపోయిన పొర ఊచ దాకా చేరిందంటే ఊచకు ఇక కవచం లేనట్టే. అప్పటికి నీరు కూడా తగిలిందంటే తుప్పు మొదలవుతుంది, తుప్పు ఊచ కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోతుంది. 1960ల నాటి ముఖగోడ పలకల్లో, గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే సన్నటి నిలువు రెక్కల్లో ఊచ మీద ఉండవలసిన కాంక్రీటు పొర చాలా చోట్ల పల్చగా ఉంటుంది. సన్నదనమే ఆ భవనాల సొగసు, సన్నదనమే వాటి జబ్బు.

పరీక్ష చాలా సులభం. అప్పుడే పగలగొట్టిన ముక్క మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే ఆరోగ్యంగా ఉన్న భాగం ముదురు గులాబీ రంగుకు మారుతుంది, కార్బనేషన్ పట్టిన భాగం రంగు మారకుండా బూడిదగానే ఉండిపోతుంది. నేను ఒక సారి ఏడంతస్తుల ఖాళీ భవనంలో ఇలాగే చూశాను. బయటి రెక్కల్లో ఊచ దాటి లోపలికి కూడా రంగు రాలేదు. లోపలి స్తంభాల్లో మాత్రం వేలి మందం బూడిద గీత తరువాత మొత్తం గులాబీయే. సుత్తితో తట్టుకుంటూ వెళితే రెక్కల మీద కుండ పగిలిన డొల్ల శబ్దం వచ్చింది, స్తంభం మీద గట్టి కంగుమన్న శబ్దం వచ్చింది. వీధిలో నిలబడి చూసేవాడికి కనిపించేవి ఆ రెక్కలే కాబట్టి, భవనం మొత్తం చచ్చిపోయిందనుకుంటాడు. నిజానికి పోయింది చర్మం మాత్రమే, ఎముకలు బాగానే ఉన్నాయి.

అయితే ఆ భవనంలో నన్ను భయపెట్టింది రెక్కలు కాదు, పైకప్పు. బల్లపరుపు స్లాబుకు రెండే రెండు నీటి తూములు ఉన్నాయి. రెండింటిలోనూ దోసెడేసి ఆకులు, పావురాల ఈకలు అడ్డుపడి ఉన్నాయి. ఒక చదరపు మీటరు మీద పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే వంద కిలోలు. అయిదు వందల చదరపు మీటర్ల పైకప్పు మీద అదే నీరు యాభై టన్నులు. పైగా అది ఊరికే నిలవదు, ప్రతి పగులులోంచీ కిందికి దిగి, నేను చెప్పిన తుప్పుకు కావలసిన నీటిని అందిస్తుంది. మనుషులు పనిచేసుకునే భవనంలో పై అంతస్తులో ఒక్క చుక్క పడినా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, ఖాళీ భవనంలో ఎవరూ చేయరు. యాభై ఏళ్ళు నిలిచిన భవనం అయిదేళ్ళ ఖాళీతో పాడవడానికి కారణం ఇదే.

నాలుగురోడ్లకూడలి

దూలం గారూ, మీరు నా వాదనకే బలం చేకూర్చారు. సావో పావ్లో నగర కేంద్రంలో విల్టన్ పాయెస్ ద అల్మెయిదా అనే 24 అంతస్తుల అద్దాల భవనం ఉండేది. 1960ల నాటిది, ప్రభుత్వానిది. కార్యాలయం వెళ్ళిపోయాక ఇల్లు లేని కుటుంబాలు అందులో చేరాయి. 2018 మే 1 తెల్లవారుజామున మంటలు అంటుకుని మొత్తం కుప్పకూలింది, మనుషులు చనిపోయారు. దాన్ని సకాలంలో కూల్చి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి కావా?

దూలం

సకాలంలో బాగుచేసి ఉన్నా నిలిచేవి. మీరు చెప్పని సంగతి ఒకటుంది: ఆ భవనానికి 1992 నుంచే నగరం వారసత్వ రక్షణ ఇచ్చింది. కాగితం మీద రక్షణ ఉంది, లోపల పనిచేసే లిఫ్టు లేదు, సరైన విద్యుత్ తీగలు లేవు. గోడకు ఫలకం తగిలించి తలుపుకు తాళం వేస్తే దాన్ని పరిరక్షణ అనరు. నిలపాలని వాదించేవాళ్ళు కూడా దీనికి సమాధానం చెప్పుకోవాలి. ఫలకం సంపాదించగానే మన పని అయిపోయిందనుకునే అలవాటు మా వైపు బాగా ఉంది.

అదే నగర కేంద్రంలో ఒకప్పటి డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనాన్ని ఆర్కిటెక్టు పావ్లో మెండెస్ ద హోషా మార్చి, 2017లో ప్రజల సాంస్కృతిక కేంద్రంగా తెరిచిన సంగతి కూడా చూడండి. సెస్క్ 24 జీ మాయూ అంటారు. పైకప్పు మీద ఈతకొలను ఉంది. ఊరు అదే, రెండు భవనాల మధ్య దూరం కూడా కొద్ది నిమిషాల నడకే. ఒకదాన్ని ఎవరో పట్టించుకున్నారు, రెండోదాన్ని పట్టించుకోలేదు.

పిట్టగోడ

ఈ రెండు భవనాల పోలిక నాకు బాగా ఉపయోగపడుతుంది. కానీ ఒక సందేహం. ఏ ఖాళీ కార్యాలయాన్నైనా ఇళ్ళుగా మార్చేయవచ్చని ఈ మధ్య తరచుగా వింటున్నాం. అది ఎంతవరకు నిజం?

ఉత్తరపుకిటికీ

సగం వరకు నిజం. నేను భవనాల రూపకల్పన చేస్తాను కాబట్టి ఈ ఒక్క విషయం మీద కొంచెం విసుగుతోనే రాస్తున్నాను, మన్నించండి.

ఇంటికి వెలుతురు కావాలి. కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే, దానికి రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు దాకా పనికొచ్చే పగటి వెలుతురు వస్తుందని మేము స్థూలంగా లెక్క వేసుకుంటాం. అంటే రెండున్నర మీటర్ల ఎత్తు కిటికీకి అయిదారు మీటర్లు. ఆ తరువాత మిగిలేది చీకటి. కిటికీ నుంచి పదిహేను మీటర్ల లోతున లిఫ్టులు ఉండే భవనంలో ఆ మధ్య పట్టీలో ఏం పెడతారు? స్నానాల గదులు, అల్మరాలు పెట్టాక కూడా బోలెడు మిగిలిపోతుంది. స్లాబు మధ్యలో బావిలాగా తొలిచి వెలుతురు దింపినవాళ్ళు ఉన్నారు, కానీ దానికయ్యే ఖర్చు అందరూ భరించలేరు. ఇక ప్రతి ఇంటికీ వంటగది, స్నానాల గది గొట్టాలు కావాలి, కార్యాలయంలో అంతస్తుకు రెండు చోట్ల మాత్రమే అవి ఉంటాయి. ఒక అంతస్తు ఎత్తు మరీ తక్కువైతే గొట్టాలు దాచడానికి కూడా చోటు దొరకదు.

ఇక్కడే ఒక వింత ఉంది. ఈ చర్చలో అందరూ తిట్టిపోస్తున్న 1950లు, 1960ల నాటి సన్నటి పలక లాంటి భవనాలే మార్పుకు ఎక్కువ అనుకూలం, ఎందుకంటే ఏసీలు, ట్యూబులైట్ల మీద పూర్తిగా ఆధారపడకముందు వేసిన నమూనాలవి, కిటికీకి దగ్గరలోనే మనిషి కూర్చోవాలన్న ఆలోచనతో కట్టినవి. ఆ తరువాతి దశాబ్దాల్లో వచ్చిన లావుపాటి అద్దాల డబ్బాలతోనే అసలు ఇబ్బంది.

లోపలి అస్థిపంజరం ఉంచి చర్మం మార్చడం సాధ్యమని ఇప్పటికే చాలామంది చేసి చూపించారు. ఫ్రాన్స్‌లో అన్ లకాతోన్, జాన్ ఫిలిప్ వసాల్ అనే ఆర్కిటెక్టులు ఇద్దరూ ఫ్రెడెరిక్ ద్రువోతో కలిసి పారిస్‌లోని బ్వా ల ప్రెత్ర్ టవర్ చుట్టూ కొత్త వరండాలు, బాల్కనీలు తగిలించి, పాత ముఖగోడ తీసేసి, 2011 నాటికి ప్రతి ఇంటినీ పెద్దది చేశారు. బోర్దోలో 530 ఇళ్ళకు అదే పని చేశారు. మనుషులు ఆ ఇళ్ళలో ఉంటుండగానే పని సాగింది. కూల్చి మళ్ళీ కట్టే ఖర్చు కంటే తక్కువే అయింది. 2021లో వాళ్ళకు వాస్తుశిల్పంలో పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. సిడ్నీలో 1976 నాటి ఆకాశహర్మ్యం స్తంభాలు, దూలాలు, స్లాబుల్లో దాదాపు మూడింట రెండు వంతులు అలాగే ఉంచి, పక్కన కొత్త భాగం అతికించి, 2022లో క్వే క్వార్టర్ టవర్‌గా నిలబెట్టారు. అది ఇల్లు కాదు, కార్యాలయమే. ఖాళీ కార్యాలయం ఎప్పుడూ ఇల్లే కావాలని నియమమేమీ లేదు కదా.

కెనడాలోని కాల్గరీ నగరం 2021లో నడివూరి కార్యాలయాలను ఇళ్ళుగా మార్చేవారికి చదరపు అడుగుకు 75 డాలర్ల చొప్పున సాయం ప్రకటించింది. నగరం చేయి అందించకపోతే ఇవి వాటంతట అవి గిట్టుబాటయ్యే పనులు కావని ఆ అంకే చెబుతోంది.

చిత్తుపద్దు

ఉత్తరపుకిటికీ గారి మాటకు ఒక చేర్పు. ఖర్చుల పట్టికలో "ఆస్బెస్టాస్ తొలగింపు" (మంటను తట్టుకోవడానికి పాత భవనాల్లో వాడిన, పీలిస్తే ఊపిరితిత్తులకు హానిచేసే నార) అనే పద్దును ఎప్పుడూ నిలుపుకునే పక్షం ఖాతాలో రాసి, చూశారా ఎంతవుతుందో అని భయపెడతారు. కూల్చాలన్నా ముందు దాన్ని తీయవలసిందే, దుమ్ము ఊరంతా ఎగరనివ్వలేం కదా. బెర్లిన్‌లో అప్పటి తూర్పు జర్మనీ పార్లమెంటు కోసం కట్టి 1976లో తెరిచిన రిపబ్లిక్ ప్యాలెస్‌ను ఆస్బెస్టాస్ కారణంగా 1990లో మూసేశారు. ఏళ్ళ తరబడి శ్రమపడి ఆ పదార్థాన్ని తీసేశారు, తీసేసి శుభ్రమైన అస్థిపంజరం మిగిలాక 2006 నుంచి 2008 వరకు దాన్నీ కూల్చేశారు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ తిరగబడింది: మందు పనిచేసింది, ఆ తరువాతే నాలుక కోశారు. ఆ కూల్చివేతకు రాజకీయ కారణాలు ఉన్నాయి, వాటి జోలికి నేను పోను. రెండు పక్షాలకూ సమానమైన ఖర్చును ఒక్క పక్షం నెత్తిన రుద్దవద్దని మాత్రమే అంటున్నాను.

మొజాయిక్‌మెట్లు

అందం మాట వద్దన్నారు కాబట్టి ఇంతసేపు ఊరుకున్నాను. కానీ వయసు గురించి ఎవరూ మాట్లాడలేదు.

వారసత్వ నియమాలు చాలా చోట్ల ఏదో ఒక వయసు గీత గీస్తాయి. న్యూయార్క్ నగరంలో 30 ఏళ్ళు, అమెరికా జాతీయ జాబితాకు మామూలుగా 50 ఏళ్ళు. ఢిల్లీ ప్రగతి మైదానంలో రాజ్ రేవాల్ రూపకల్పనతో, మహేంద్ర రాజ్ ఇంజినీరింగ్‌తో 1972లో లేచిన హాల్ ఆఫ్ నేషన్స్ ప్రదర్శనశాలను 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి పడగొట్టినప్పుడు దాని వయసు 45. అరవై ఏళ్ళు నిండని కట్టడాన్ని వారసత్వంగా పరిగణించలేమని అన్నారు. అంత పెద్ద ఎత్తున కాంక్రీటుతో అల్లిన త్రిమితి చట్రం ప్రపంచంలో అంతకు ముందు లేదు. ఉక్కు దొరకడం కష్టమైన రోజుల్లో, కూలీల చేతులతో పోసిన కాంక్రీటు అది. ఇంకో పదిహేనేళ్ళు ఎవరి కంటా పడకుండా ఉండి ఉంటే బతికి బట్టకట్టేదేమో.

పాతికేళ్ళకు మోజు తీరిపోతుంది, అరవై ఏళ్ళకు గౌరవం మొదలవుతుంది, ఆ మధ్య కాలమంతా భవనానికి గడ్డుకాలం. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసేదీ, పైకప్పు కారడం మొదలయ్యేదీ, నేల ధర పెరిగేదీ సరిగ్గా ఆ ఏళ్ళలోనే. ఇంగ్లండ్‌లో 30 ఏళ్ళు దాటని భవనాన్ని మామూలుగా జాబితాలో చేర్చరు గానీ, అసాధారణమైనదై, ముప్పు ఉంటే అంతకంటే ముందే చేరుస్తారు. అలాంటి వెసులుబాటు ప్రతిచోటా ఉండాలి.

దగ్గరగా వెళ్ళి చూడనివాళ్ళ కోసం ఒక్క మాట, ఆపై అందం ఊసెత్తను. ముడి కాంక్రీటు గోడను వేళ్ళతో తడిమితే సెంట్రింగు చెక్కల నారలు, ముడులు, చెక్కకూ చెక్కకూ మధ్య కారిన సన్నటి సిమెంటు గీత తగులుతాయి. ఆ చెక్కలు కోసి, బిగించి, మర్నాడు ఊడదీసిన వడ్రంగి పని మొత్తం గోడ మీద అచ్చుపడి ఉంటుంది. నేను రోజూ ఎక్కిన మెట్లలో మొజాయిక్ అంచులు అరిగి మధ్యలో గిన్నెలాగా పల్లమయ్యాయి, ఇత్తడి పట్టీ మాత్రం పైకి తేలి మెరిసేది. అంతమంది ఎక్కి దిగిన చోటును "పనికిరానిది" అనాలంటే నాకు నోరు రాదు.

నాలుగురోడ్లకూడలి

మొజాయిక్‌మెట్లు గారూ, బాగా రాశారు. కానీ ఆ మెట్లు రేపు ఎవరు ఎక్కుతారన్నది నా ప్రశ్న. లండన్‌లో 1966లో పూర్తయిన సెంటర్ పాయింట్ అనే కార్యాలయ భవనం ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండి జనాగ్రహానికి గురైంది. ఇల్లు లేనివాళ్ళు వీధిలో ఉంటే అంత పెద్ద భవనం ఖాళీగా ఎందుకుందని 1974లో ఉద్యమకారులు లోపలికి వెళ్ళి కూర్చున్నారు. 1995లో వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ తరువాత చక్కగా బాగుచేశారు కూడా, కోటీశ్వరుల ఫ్లాట్లుగా. భవనం గెలిచింది, ప్రశ్న అలాగే ఉంది. లండన్‌లోనే రాబిన్ హుడ్ గార్డెన్స్ అనే ప్రభుత్వ ఇళ్ళ సముదాయం విషయంలో మరీ విడ్డూరం: మామూలు మనుషులు ఉన్న ఇళ్ళను కూల్చి, అందులో ఒక ముక్కను మ్యూజియంలో పెట్టుకున్నారు. నకగిన్ గదుల్లోనూ 23 మాత్రం మిగిల్చారు. ఏనుగును చంపి దంతం దాచుకున్నట్టుంది.

ఉత్తరపుకిటికీ

దంతం మాట ఒప్పుకుంటాను. కానీ మీ వాదన ఇప్పుడు కూల్చమని చెబుతోందా, బాగుచేసి అందరికీ ఇవ్వమని చెబుతోందా? నాకు రెండోదే వినిపిస్తోంది.

నాలుగురోడ్లకూడలి

కొంత వరకు అవును, ఒప్పుకోవడంలో నాకు నామోషీ లేదు. వీధి వైపు నూరు అడుగుల మొండిగోడను కోసి గుమ్మాలు పెట్టడానికి అనుమతిస్తే, పై అంతస్తుల్లో మనుషులు ఉంటే, నాకు ఆ భవనంతో పేచీ లేదు. పరిరక్షకులు ఆ గోడ మీద ఒక్క గాటు కూడా పడనివ్వమంటేనే నాకు పేచీ. ఇక ఇంధనం, కర్బనం పేరు చెప్పి ప్రతి గోదామునూ నిలపమంటే మాత్రం ఒప్పుకోను.

దూలం

కర్బనం సంగతి తేలిగ్గా కొట్టిపారేయకండి. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. నిలబడి ఉన్న స్లాబులకు ఆ మూల్యం ఎప్పుడో చెల్లించాం. న్యూయార్క్‌లో 1960 నాటి యూనియన్ కార్బైడ్ భవనాన్ని, 52 అంతస్తులు, 215 మీటర్లు, పర్యావరణ ప్రమాణాలకు తగ్గట్టు ఖర్చుపెట్టి బాగుచేసిన కొన్నేళ్ళకే, 2019 నుంచి కూల్చి, అంతకంటే ఎత్తైనది కట్టారు. యజమాని తనంతట తాను కూల్చుకున్న భవనాల్లో అంత ఎత్తైనది అప్పటికి లేదు. ఆ భవనం ఖాళీ అయింది కాదు, పాడైందీ కాదు, ఆ జాగాలో ఇంకా ఎక్కువ అంతస్తులు వేయడానికి నగరం అనుమతించడమే కారణం. అంటే కూల్చివేతను నిర్ణయించింది కాంక్రీటు కాదు, అనుమతించిన అంతస్తుల లెక్క.

అయితే గోదాముల విషయంలో మీతో ఏకీభవిస్తాను. లోపలి స్తంభాల్లోనే గులాబీ రంగు రాని భవనాలను కూడా నేను చూశాను. సముద్రపు ఇసుకతోనో, క్లోరైడ్లు (ఊచను తుప్పు పట్టించే లవణాలు) కలిసిన మిశ్రమంతోనో పోసిన కాంక్రీటుకు బయటి నుంచి ఎంత పూత పూసినా లోపలి తుప్పు ఆగదు. అలాంటిదాన్ని నిలపమని నేను సంతకం పెట్టను.

పిట్టగోడ

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటల ఆధారంగా పత్రంలో ఈ భాగం రాశాను, తప్పులుంటే చెప్పండి:

"నగర కేంద్రంలో ఏ భవనమైనా ఏడాదికి మించి ఖాళీగా ఉంటే, యజమాని స్వతంత్ర ఇంజినీరు చేత లోపలి స్తంభాలు, స్లాబుల స్థితిని పరీక్షింపజేసి ఆ నివేదికను ప్రజలకు అందుబాటులో ఉంచాలి. నివేదిక చూడకుండా ముఖగోడ రూపాన్ని బట్టి కూల్చివేతను నిర్ణయించరాదు. కొత్త నిర్మాణానికి అనుమతి, పెట్టుబడి ఖరారు కానిదే కూల్చివేతకు అనుమతి ఇవ్వరాదు. రెండు మార్గాల ఖర్చులను పోల్చేటప్పుడు రెండింటికీ సమానమైన పనులను రెండు ఖాతాల్లోనూ చూపాలి. వయసు గీత దాటని భవనానికి ముప్పు ఉన్నట్లయితే తాత్కాలిక రక్షణ ఇవ్వాలి. నిలుపుకున్న భవనంలో వీధి వైపు గోడలను తెరవడానికి వెసులుబాటు ఉండాలి. భవనం తీరు తేలే వరకు యజమాని దానిని తగిన విధంగా నిర్వహించాలి."

చిత్తుపద్దు

"పెట్టుబడి ఖరారు" అంటే బ్యాంకు ఉత్తరం ఒకటి తెచ్చి చూపిస్తారు. "పెట్టుబడిలో కొంత భాగం నగరం దగ్గర హామీగా జమ చేయాలి" అని రాయండి. కట్టడం మొదలయ్యాక తిరిగి ఇచ్చేయవచ్చు.

మొజాయిక్‌మెట్లు

తాత్కాలిక రక్షణకు గడువు కూడా రాయండి. గడువు లేని తాత్కాలికం విల్టన్ భవనం ఫలకం లాంటిదే అవుతుంది.

దూలం

చివరి వాక్యం మార్చండి, పిట్టగోడ గారూ. "తగిన విధంగా" అంటే ఎవరూ ఏమీ చేయరు. "ప్రతి మూడు నెలలకు ఒకసారి, వానాకాలం ముందు తప్పనిసరిగా, పైకప్పు తూములను శుభ్రం చేయించి ఫొటోలు నగర కార్యాలయానికి పంపాలి" అని రాయండి. ఆ వాక్యాన్ని చివరలో కాదు, మొదట పెట్టండి. పరీక్షలు, అనుమతులు, హామీలు తేలడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, తూము మూసుకుపోయిన పైకప్పుకు అంత గడువు ఉండదు.

పిట్టగోడ

మార్చాను. మొదటి వాక్యం ఇప్పుడు తూముల గురించే.